చిల్లకల్లు దాటాక ఎడమవైపు సీటు

వీరులపాడు వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన, చనిపోయిన మనిషిని పొలం గట్టు మీద చూశానని నందిగామ కోర్టులో ఒకసారి సాక్ష్యం చెప్పాడు. నేను అవతలి పక్షం ప్లీడర్ని. "ఆయన కాళ్ళు నేలకి ఆనాయా, జానెడు ఎత్తున ఉన్నాయా?" అని అడిగాను. హాలంతా నవ్వింది. ముసలాయన కండువా సర్దుకుని, "నేను చూసింది చెప్పానండీ. నమ్మమని ఎవర్నీ అడగలేదు" అన్నాడు.

నేను రాయబోయేది కూడా అలాంటిదే. దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. చదువుకున్నవాడు భయపడాల్సింది జడ్జికి, జ్వరానికి మాత్రమేనని బార్ రూములో అంటూ ఉండేవాణ్ణి. శకునాల సంగతి వేరు. అవి నమ్ముతానని ఎవరికీ చెప్పలేదు గానీ, నమ్మేవాణ్ణి. దయ్యాలకీ శకునాలకీ మధ్య ఒక గీత గీసుకున్నాను. ఆ గీత నాకు ఎక్కడ వీలుగా ఉంటే అక్కడికి జరిగేది.

తొంభైల చివర్లో నాకొక రేసు కారు ఉండేది. జగ్గయ్యపేట, నందిగామ మధ్య ఆ రోజుల్లో తిరిగినవాళ్ళకి అది గుర్తుండే ఉంటుంది. చూసినవాళ్ళకంటే విన్నవాళ్ళే ఎక్కువ. మద్రాసులో లా చదివేటప్పుడు నాకు పరిచయమైన ఒక స్నేహితుడు, ఊరి బయట ట్రాకు మీద జరిగే పందేల కోసం దాన్ని తయారు చేయించుకున్నాడు. పెళ్ళయ్యాక మామగారు పందేలు మానమంటే మానేసి, కారు నాకు అమ్మాడు.

పేరుకి అది మామూలు కారే. కానీ వెనక సీటు పీకేశారు. బోల్తా కొడితే తల పగలకుండా లోపల ఇనుప గొట్టాలతో పంజరం కట్టారు. స్ప్రింగులు పొట్టివి వేసి నేలకి దించారు. ముందు రెండే సీట్లు, తొట్టెల్లాంటివి. కూర్చుంటే రెండు పక్కలా పట్టేసి కదలనివ్వవు. ఒక్కో సీటుకి నాలుగు పట్టీల బెల్టు. రెండు పట్టీలు భుజాల మీంచి, రెండు నడుం పక్కల నుంచి వచ్చి పొట్ట మీద గుండ్రటి బకిల్లో కలుస్తాయి. ప్రతి పట్టీ కొసనా ఉన్న ఇనుప నాలుకని టక్కుమనేదాకా అందులోకి నొక్కాలి. విప్పాలంటే బకిల్ని మెలితిప్పాలి. ఈ బెల్టు సంగతి ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

అలాంటి బండిని ట్రాకు మీద కాసేపు తోలితే రాజాలా ఉంటుందేమో. రోజూ కోర్టుకి తోలితే మాత్రం నరకం. క్లచ్ ఎంత గట్టిదంటే, మా జగ్గయ్యపేట మెయిన్ బజార్లో ఎడ్లబళ్ళ వెనక పాకుతూ వచ్చేసరికి నా ఎడమ కాలు వణికేది. ఎండాకాలం లోపలి గొట్టాలు పట్టుకుంటే చెయ్యి కాలేది. ప్రతి స్పీడు బ్రేకరునీ అడ్డంగా, పీతలా ఎక్కించాలి. మాఘమాసం దాటాక మెట్ట ఊళ్ళ రైతులు కందికట్టె, ఉలవకట్టె రోడ్డు మీద పరుస్తారు, వచ్చేపోయే బళ్ళు తొక్కితే గింజ రాలుతుందని. లారీ పోతే వాళ్ళకి సంతోషం. నేను పోతే కట్టె కారు పొట్ట కింద చుట్టుకుని నాతోనే వచ్చేసేది. గౌరవరం దగ్గర ఒక రైతు నా వెంట పరిగెత్తుతూ, "ఏవండోయ్ ప్లీడరు గారూ! తొక్కమంటే ఊడ్చుకుపోతున్నారేంటండీ!" అని అరిచాడు.

అయినా దాన్ని వదల్లేదు. నేను వస్తున్నానని నాకంటే ముందే ఊళ్ళకి తెలియడం నాకు ఇష్టం. అంతకంటే గొప్ప కారణం ఏదీ లేదు.

కొన్న వారంలోనే పెనుగంచిప్రోలు గుడికి తీసుకెళ్ళి పూజ చేయించాం. నా భార్య పద్మ పట్టుబట్టిందని అందరికీ చెప్పాను. చక్రాల కింద నిమ్మకాయలు సరిగ్గా పెట్టారో లేదో నేల మీదికి వంగి చూసింది మాత్రం నేనే. పద్మ ఆ కారెక్కింది ఆ ఒక్కసారే. ఎక్కేటప్పుడు గొట్టానికి తల కొట్టుకుంది, దిగేటప్పుడు బెల్టు విప్పుకోలేక పూజారిని పిలవబోయింది. "రోకటి దెబ్బలు తినాలంటే రోట్లో తల పెట్టక్కర్లేదండీ, మీ కారెక్కితే చాలు" అంది. అప్పట్నుంచి ఎడమవైపు సీటు ఖాళీ.

ఇప్పుడు మా అక్క గురించి చెప్పాలి. ఆమె పేరు సుగుణ. నాకంటే చాలా పెద్దది. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. మా అమ్మ పోయాక నా అన్నం, నా బడి, నా జ్వరాలు అన్నీ ఆమే చూసింది. కుట్టుపని నేర్చుకుని, నందిగామలో ఆడవాళ్ళకి కుట్లు నేర్పే కేంద్రంలో టీచరుగా కుదిరింది. ఆమె రోజూ పొద్దున్నే నందిగామ వెళ్ళాలి. నేనూ రోజూ పొద్దున్నే నందిగామ వెళ్ళాలి. ఆమె బస్సులో వెళ్ళేది. నేను కారులో వెళ్ళేవాణ్ణి.

ఎవరైనా అడిగితే, "అది మనుషులెక్కే బండి కాదండీ, పెద్దావిడ నడుం విరుగుద్ది" అనేవాణ్ణి. అసలు కారణం ఎదురు. విధవ ఎదురొస్తే పని చెడుతుందంటారు కదా, అది.

కారు కొత్తల్లో ఒక పొద్దున గేటు దాటుతుంటే అక్క వీధిలోంచి పాలగిన్నెతో ఎదురొచ్చింది. ఆ రోజు అంబారుపేట దగ్గర స్పీడు బ్రేకరు తగిలి ఇంజన్ కింద ఆయిల్ ఛాంబరు పగిలింది. కోర్టుకి ఆలస్యంగా చేరాను, కేసు పోయింది. స్పీడు బ్రేకరు మీదికి నేనెంత వేగంగా వెళ్ళానో నాకు తెలుసు. కాగితాలు సరిగ్గా చదవకుండా వెళ్ళానన్నదీ తెలుసు. అయినా ఆ సాయంత్రం పద్మతో, "నేను బండి తీసేటప్పుడు అక్కని కాస్త లోపలుండమను" అన్నాను.

పద్మ చేతిలో పని ఆపేసింది. "నా నోటితో నేను చెప్పను. ఆవిడ ఎత్తి పెంచింది మిమ్మల్ని. మీరే చెప్పుకోండి" అంది.

గుమ్మం అవతల మంచినీళ్ళ బిందె నేల మీద దించిన చప్పుడైంది. ఇక ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

ఆ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కదిలిస్తే దగ్గేది. తీసేముందు కాసేపు ఆన్‌లో ఉంచి వేడెక్కనివ్వాలి. మర్నాటి నుంచి ఆ చప్పుడు మొదలవగానే అక్క పెరట్లోకి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకి ఆ ఇబ్బంది కూడా నాకు లేకుండా, నాకంటే ముందే ఇంట్లోంచి బయల్దేరడం మొదలుపెట్టింది. ఆటోలో చిల్లకల్లు అడ్డరోడ్డు దాకా వచ్చి, హైదరాబాదు నుంచి వచ్చే ఏదో ఒక బస్సు కోసం హైవే మీద నిలబడేది.

నేను అక్కడి నుంచే వెళ్ళాలి. నా కారు చప్పుడు దూరాన వినగానే ఆమె రోడ్డుకి వీపు తిప్పి నిలబడేది. ముఖం ఎదురు పడకూడదని. బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా అటు చూస్తుంటే ఆమె ఒక్కతే షాపు గోడ వైపు చూస్తూ ఉండేది. సోడా షాపు మస్తాన్ ఒకసారి చెయ్యి ఊపి, "సార్! అక్కగారు ఇక్కడున్నారండీ!" అని కేకేశాడు. ఇంజన్ మోతలో వినపడనట్టు వెళ్ళిపోయాను. వినపడింది.

జరిగింది ఆ రోజుల్లోనే. ఒక వానాకాలం పొద్దున కోర్టు గోడ పక్కన కారు ఆపాను. నా గుమస్తా సుబ్బారావు ఫైళ్ళ పెట్టె తీసుకోవడానికి ఎడమ తలుపు తెరిచాడు. పెట్టె వెనక, గొట్టాల కింద ఉండేది.

"ఎవర్ని దింపి వచ్చారు సార్?"

"ఎవర్నీ లేదే."

"మరి బెల్టు పెట్టుందేంటండీ?"

వంగి చూశాను. ఖాళీ సీటు మీద నాలుగు పట్టీలూ బకిల్లో బిగించి ఉన్నాయి. సుబ్బారావు విప్పబోయి, "ఏనుగు గొలుసులా ఉందండీ ఇది" అని వదిలేశాడు. నేనే విప్పాను. ఎవరో చేశారనుకుని మర్చిపోయాను. మర్నాడు నందిగామలో ఆగేసరికి మళ్ళీ బిగించి ఉంది. ఆ మర్నాడూ అంతే.

సాక్ష్యం కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. రాత్రిపూట కారుకి తాళం, తాళంచెవి నా జేబులో. పొద్దున బయల్దేరేముందు చూస్తే పట్టీలు వదులుగా, విడివిడిగా వేలాడుతూ ఉండేవి. నందిగామలో ఆగేసరికి బిగించి ఉండేవి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఏమీ ఉండేది కాదు. కోర్టు సెలవు రోజుల్లో ఎటు వెళ్ళినా ఏమీ ఉండేది కాదు. కుదుపులకి వాటంతట అవే పడుతున్నాయేమోనని మెకానిక్‌కి చూపించాను. స్ప్రింగులు బాగానే ఉన్నాయి, చేత్తో నొక్కకుండా ఒక్క నాలుక కూడా పడదని చెప్పాడు.

ఇంకొకటి గమనించాను. అలా బిగించి ఉన్న పట్టీల మధ్య కూర్చుందామని చూశాను. పట్టలేదు. చిన్న ఒళ్ళున్న మనిషికి సరిపోయేలా లాగి ఉన్నాయి. వాటిని మొత్తం బారుగా వదిలేసి చూశాను. మర్నాడు మళ్ళీ ఆ చిన్న కొలతకే వచ్చాయి.

ఒక రోజు కళ్ళారా చూడాలని నిర్ణయించుకుని, పేట నుంచి ఒక కన్ను ఎడమవైపే ఉంచి తోలాను. చిల్లకల్లు దాకా పట్టీలు ఊగుతూనే ఉన్నాయి. అడ్డరోడ్డు దగ్గర అక్క ఎప్పటిలాగే వీపు తిప్పి నిలబడి ఉంది. దాటాను. ముందు పత్తి లారీ ఒకటి రోడ్డంతా ఆక్రమించి పోతోంది. దాన్ని దాటడానికి ముందుకి చూడక తప్పలేదు. గేరు మార్చి, దాటేసి, ఎడమవైపు తిరిగాను. బెల్టు పెట్టి ఉంది.

పెట్టి ఉండటమే కాదు. ఖాళీ సీటు మీద పట్టీలు వాలిపోయి ఉండాలి. అవి వాలిపోలేదు. మధ్యలో ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు కాస్త లేస్తున్నాయి, కాస్త దిగుతున్నాయి. అది రోడ్డు కుదుపే అయి ఉండవచ్చు. ఆ కారులో అన్నీ కుదుపులే.

ఆఖరికి ఒక పొద్దున పురికొస తీసుకుని, నాలుగు పట్టీలనీ సీటు వెనక గొట్టానికి కలిపి గట్టిగా కట్టేశాను. నందిగామలో చూస్తే బెల్టు బిగించి ఉంది. పురికొస సీటు మీద చుట్ట చుట్టి ఉంది.

దాన్ని చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలికీ చిటికెనవేలికీ మార్చి మార్చి చుట్టి, చుట్ట మధ్యలో రెండు మెలికలు వేసి, కొసని చిన్న ముడేసి లోపలికి దోపారు. కుట్టుపని చేసేవాళ్ళు చాలామంది దారం అలా చుడతారు. కానీ ఆ చిన్న ముడి మాత్రం ఒక్క మనిషి చేతిలోనే చూశాను. చిన్నప్పుడు నా గాలిపటం దారం ఆమె అలాగే చుట్టి ఇచ్చేది.

సాయంత్రం అక్క వరండాలో కూర్చుని జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. ఆ చుట్ట ఆమె ముందు పెట్టాను.

"ఇది ఎవరు చుట్టారక్కా?"

తిప్పి చూసింది. "నేనే అయ్యుంటా. ఎక్కడిదిరా?"

 ఆమె నా జవాబు కోసం ఆగకుండా దాన్ని కుట్టుపెట్టెలో వేసుకుంది. పక్కనే ఉన్న పద్మతో, "ఈ మధ్య నందిగామలో దిగేసరికి భుజాలు లాగేస్తున్నాయే పద్మా. బస్సుల్లో ఏం సీట్లో ఏంటో!" అంది.

భయం వేసిందని రాస్తే నాకు గౌరవంగా ఉంటుంది. నాకు వేసింది సిగ్గు. మనిషన్నవాడు మర్నాడే ఆ అడ్డరోడ్డు దగ్గర కారాపి తలుపు తెరుస్తాడు. నేను ఆ పని చేయలేదు. ఆమె చిల్లకల్లు చేరకముందే దాటిపోవాలని ఇంకా పెందలాడే బయల్దేరాను. అప్పుడూ బెల్టు పడింది. దాంతో ఎడమవైపు చూడటం మానేశాను. ఫైళ్ళ పెట్టెని కారు వెనక తలుపులోంచి తీసుకోమని సుబ్బారావుకి చెప్పాను. ఎందుకని అతను అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

ఇంతలో ఆర్టీసీ సమ్మె వచ్చింది. బస్సులన్నీ ఆగిపోయాయి. మొదటి రోజు చిల్లకల్లు అడ్డరోడ్డు జాతరలా ఉంది. జనం లారీలూ ట్రాక్టర్లూ ఏది దొరికితే అది ఎక్కుతున్నారు. సిమెంటు బస్తాల ట్రాక్టరు ఒకటి ఆగి ఉంది. అక్క గొడుగు చంకన పెట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి, ట్రాక్టరు వెనక ట్రక్కు మీదికి కాలు వేయబోతోంది. నా చప్పుడు విని ఆ కాలు దించేసింది. వీపు తిప్పి నిలబడింది.

ఆ వీపు చూసి బ్రేకు వేశాను. అంతకుముందు అన్ని రోజులు చూసిన వీపే. ఆ రోజే ఎందుకు ఆగానో నాకు తెలియదు.

"హమ్మయ్య! సార్‌కి ఇవాళ్టికి వినపడిందండీ!" అన్నాడు మస్తాన్. ట్రక్కు మీదివాళ్ళు నవ్వారు.

"అక్కా, ఎక్కు."

"నువ్వెళ్ళరా. టైమవుద్ది నీకు. నేను దీనిమీద వచ్చేస్తాలే" అంది, తిరగకుండానే.

"ఎక్కక్కా. అందరూ చూస్తున్నారు." అప్పుడు కూడా నా నోటికి వచ్చింది ఆ మాటే.

"ఇవాళ కేసులున్నాయా?"

"పెద్దవేం లేవు."

అది విన్నాకే ఆమె ఇటు తిరిగింది.

ఆ కారు ఎక్కడం కొత్తవాళ్ళకి చేతకాదు. అక్క తలుపు తెరిచి, పైన గొట్టం పట్టుకుని, కుడికాలు లోపల పెట్టి, తల వంచి, ఒక్క ఊపులో సీట్లోకి జారింది. గొడుగు కాళ్ళ దగ్గర పెట్టుకుంది. నేను బెల్టు ఎలా పెట్టుకోవాలో చెప్పబోయాను. అప్పటికే భుజాల పట్టీలు రెండూ ముందుకి తీసుకుంది. ఎడమదాని మెలికని వేలితో సరిచేసింది. నాలుగు నాలుకల్నీ టక టకా బకిల్లోకి నొక్కింది.

"ఈ ఎడమది ఎప్పుడూ మెలిపడుద్దిరా" అంది.

పట్టీల పొడవు తగ్గించలేదు, పెంచలేదు. ఆమెకి సరిగ్గా సరిపోయాయి.

కారు కదిలించాను.  గౌరవరం దాటాక కల్వర్టు దగ్గర ఒక గుంత ఉండేది. బస్సులు దానిమీంచే పోతాయి, నా కారుకి పొట్ట తగులుతుందని కుడికి లాగేవాణ్ణి. గుంత ఇంకా కనపడకముందే ఆమె చెయ్యెత్తి పైన గొట్టం పట్టుకుంది. "ఇక్కడ కుడికి లాగుతావుగా" అంది.

"నువ్వు ఈ కారెప్పుడైనా ఎక్కావా అక్కా?"

"నువ్వు ఎక్కించుకుంటే కదరా, ఎక్కడానికి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది.

"మరి ఇవన్నీ నీకెలా తెలుసు?"

ఆమె కాసేపు బకిల్ వైపు చూసుకుంది. "ఏమోరా. చేతులకి తెలిసినట్టుంది. బస్సులో కళ్ళు మూసుకుంటే అంతా ఇలాగే ఉంటది" అంది.

నందిగామ సెంటర్లోకి రాగానే ఆపమంది. కుట్టు కేంద్రం ఇంకా ముందుకి, కోర్టు దాటాక ఉంది. "అక్కడిదాకా ఎందుకులే. పొద్దున్నే మీ ప్లీడర్లంతా గేటు దగ్గరుంటారు" అంది. నేను చెప్పకముందే బకిల్ మెలితిప్పి, పట్టీలు వెనక్కి వేసి దిగిపోయింది. నన్ను నా స్నేహితుల కళ్ళ నుంచి కాపాడటానికి ఆ ఎండలో మిగతా దూరం నడిచి వెళ్ళింది. నేను చూస్తూ కూర్చున్నాను.

సమ్మె ఉన్నన్ని రోజులూ ఆమె నాతోనే వచ్చింది. సమ్మె అయిపోయాక కూడా కొన్నాళ్ళు వచ్చింది. ఇంటి దగ్గరే ఎక్కేది. ఛాంబరు పగల్లేదు, కేసులు పోలేదు. నా క్లచ్ తొక్కుడు చూసి, "మిషను కొత్తగా తొక్కే పిల్లల్లా ఉన్నావురా. కాలు మెల్లగా వదులు, దారం తెగిపోద్ది" అని నవ్వేది. కంది కళ్ళాలు వచ్చినప్పుడు తనే ముందుగా చూసి, "అదుగో, ఊడ్చుకుపో" అనేది. ఆ కారుని నేను నిజంగా సుఖపడి తోలింది ఆ కొద్ది రోజులే. ఆ రోజుల్లో బెల్టు ఆమే పెట్టుకునేది, ఆమే విప్పుకునేది. వింతేమీ లేదు.

ఆ తర్వాత రోజూ అలాగే తీసుకెళ్ళానని రాయగలిగితే బాగుండేది.

ప్రభుత్వ ప్లీడరు పదవికి నా పేరు వెళ్ళింది. మాట్లాడటానికి పెద్దలు నందిగామ వస్తున్నారని, నన్ను పొద్దున్నే రమ్మని కబురొచ్చింది. ఆ రోజు ఇంజన్ ఆన్ చేసి కూర్చున్నాను. అక్క సంచీ భుజాన వేసుకుని వరండాలోకి వచ్చింది. మెట్టు దిగబోయింది.

నేను ఆమె వైపు చూడలేదు.  ఇంజన్ వేడెక్కింది. అయినా కదల్లేదు, ఎడమ తలుపు తెరవలేదు. స్టీరింగు పట్టుకుని, ఇంకా వేడెక్కాలన్నట్టు యాక్సిలరేటరు తొక్కుతూ కూర్చున్నాను. అద్దంలో కనపడింది. ఆమె కాసేపు మెట్టు మీదే నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి, ఇంట్లోంచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడు కారు తీశాను.

చిల్లకల్లు దాటాను. పత్తి లారీలు దాటాను. కల్వర్టు దగ్గర కుడికి లాగాను. ఎడమవైపు చూడకూడదని గట్టిగా అనుకున్నాను. బెల్టు పడి ఉంటుందని నాకు తెలుసు, అది చూసే ముఖం నాకు లేదు. నందిగామలో ఆపి, ఇంజన్ తీసేసి, అప్పుడు చూశాను.

పట్టీలు నాలుగూ విడివిడిగా వేలాడుతున్నాయి.

ఆ పదవి నాకే వచ్చింది. ఆ రోజు అక్క ఎదురు రాకపోవడం మంచిదైందన్నమాట. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు, కానీ లోపల అనుకున్నాను. ఇన్ని విషయాలు రాశాక అది దాచడం న్యాయం కాదు.

మర్నాడు కారు తీసి ఎడమ తలుపు తెరిచి నిలబడ్డాను. "బస్సే బాగుందిరా, కిటికీ పక్కన గాలొస్తది" అని ఆటో ఎక్కింది. కోపం లేదు. కోపం ఉంటే బతిమాలుకునేవాణ్ణి. కొన్నాళ్ళకి కుట్టు కేంద్రం పక్కనే గది తీసుకుని నందిగామ మకాం మార్చేసింది. ఉండమని ఒకసారి అన్నాను. రెండోసారి అనలేదు. సామాను ట్రాలీ ఎక్కిస్తుంటే పద్మ నాతో మాట్లాడలేదు. చాలా రోజులు మాట్లాడలేదు.

ఆ బెల్టు మళ్ళీ ఎప్పుడూ పడలేదు. ఆ చిన్న కొలతకి పట్టీలు నేనే లాగి ఉంచి చూశాను. పురికొస కట్టి చూశాను. కట్టింది కట్టినట్టే ఉండేది. ఏ పత్తి లారీ వచ్చినా, చిల్లకల్లు దాటగానే చెయ్యి చాపి తడిమేవాణ్ణి. చల్లటి ఇనుము తగిలేది. ఒకప్పుడు చూడాలంటే సిగ్గుపడిన దాని కోసం అలా వెతుక్కుంటూ ఇంకా కొన్నేళ్ళు ఆ కారు తోలాను. హైవే వెడల్పు చేసే పనులు మొదలయ్యాక అమ్మేశాను. కొన్నాయన బెల్టులు గట్టిగా ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను.

ఆ సీట్లో కూర్చున్నది ఏమిటో నాకు తెలియదు. బతికున్న మనిషి ఒకచోట రోడ్డుకి వీపు తిప్పి నిలబడి, ఇంకోచోట బెల్టు పెట్టుకుని కూర్చోవడం సాధ్యమేనా? అదంతా నా మనసు కల్పించిందే అయితే, సుబ్బారావు కూడా ఎలా చూశాడు? ఆయన ఇప్పటికీ నందిగామలోనే ఉన్నాడు, అడిగితే చెబుతాడు. పురికొస సంగతికి ఏ జవాబూ దొరకలేదు. ఇన్నేళ్ళ ప్లీడరు బుద్ధితో తిప్పి తిప్పి చూశాను. తేలలేదు.

అక్క ఇప్పుడు పెద్దదైపోయింది. కుట్లు నేర్పడం మానేసినా అదే గదిలో ఉంటోంది. ఆదివారాలు వెళ్తాను. అన్నం పెడుతుంది, పద్మ క్షేమం అడుగుతుంది, నా షర్టుకి గుండీ ఊడితే విప్పించి కుడుతుంది. ఇప్పుడు నా దగ్గరున్నది చప్పుడు చేయని మామూలు కారు. నేను లేచి గుమ్మంలో చెప్పులు వేసుకోగానే ఆమె వంటగదిలోకి వెళ్ళిపోతుంది.

"అక్కా, ఒకసారి బయటికి రా. నా ఎదురుగా నిలబడు. నేను వెళ్తున్నా" అని ప్రతిసారీ పిలుస్తాను.

"వెళ్ళు వెళ్ళు, పప్పు మాడుద్ది" అంటుంది లోపల్నుంచి.